మెటమోరా పాత కోర్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బ్లూమింగ్టన్, పియోరియాల్లో ఉండే తెలుగువాళ్లం వాళ్లను చికాగో తిప్పుతాం, స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్లి అబ్రహాం లింకన్ ఇల్లూ, సమాధీ చూపిస్తాం. అధ్యక్షుడు కాకముందు లింకన్ ప్లీడరుగా వాదించిన పాత కోర్టు ఉన్న చిన్న ఊరు మెటమోరా, పక్కనే ఉన్నా ఎవరికీ గుర్తు రాదు. నేను వెంటబెట్టుకెళ్లిన వాళ్లు ఆ కోర్టు మెట్లెక్కుతూ, దిగుతూ, తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగిన ప్రశ్నలే ఇవి. అమెరికాలో పాతకాలపు పల్లెటూరి కోర్టు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే నా దృష్టిలో ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఈ కోర్టు ఎక్కడుంది? ఎప్పటిది?

ఇల్లినాయ్ రాష్ట్రం నడిమధ్యన, వుడ్‌ఫర్డ్ కౌంటీలో ఉంది. పియోరియా నుంచి ఈశాన్యంగా 15 మైళ్లు, బ్లూమింగ్టన్ నుంచి 30 మైళ్ల పైచిలుకు. 1845లో కట్టారు. పని ఒప్పుకున్నది డేవిడ్ ఇర్వింగ్, అయిన ఖర్చు 4,400 డాలర్లు. ఇటుకలు ఆ ఊళ్లోనే కాల్చినవి, కలప ఆ చుట్టుపక్కల చెట్లు కోసి తెచ్చింది. రెండంతస్తుల ఎర్ర ఇటుక కట్టడం. ముందు తెల్లటి స్తంభాలు, పైన చిన్న గోపురం. గ్రీకు గుళ్ల పద్ధతిలో కట్టడం అప్పట్లో అమెరికా అంతటా ఉన్న మోజు. పొలాల మధ్య ఓ చిన్న ఊళ్లో అలాంటి స్తంభాలు లేపారంటే, ఇక్కడ చట్టం ఉందని దారిన పోయేవాడికి దూరం నుంచే చెప్పాలన్న తపన కనిపిస్తుంది.

కౌంటీ అంటే మన జిల్లాయేనా?

పనిలో జిల్లా లాంటిదే, పరిమాణంలో చాలాసార్లు పాత తాలూకా అంత. ఇల్లినాయ్ ఒక్క రాష్ట్రంలోనే 102 కౌంటీలున్నాయి. అంత చిన్నవిగా ఎందుకు కోశారంటే, గుర్రం మీద పొద్దున్నే బయల్దేరిన రైతు కచేరీలో పని చూసుకుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకే జనం పెరిగిన కొద్దీ పెద్ద కౌంటీని చీల్చి కొత్తది కావాలని అడిగేవారు. వుడ్‌ఫర్డ్ కౌంటీ అలా 1841లో పుట్టింది.

పేరు వెనకా ఒక ఊరి బెంగ ఉంది. కెంటకీ నుంచి వలస వచ్చిన థామస్ బుల్లక్ అనే ఆయన ఇక్కడ ఒక ఊరికి పాదులు వేసి దానికి వెర్సైల్స్ అని పేరు పెట్టుకున్నాడు. కెంటకీలో వుడ్‌ఫర్డ్ కౌంటీకి కేంద్రం వెర్సైల్స్. ఇక్కడా అవే రెండు పేర్లు వచ్చాయి. తొలి కౌంటీ కేంద్రం కూడా వెర్సైల్స్‌కే దక్కింది, కానీ రెండేళ్లే. 1843లో అది హానోవర్ అనే ఊరికి మారింది. ఆ హానోవరే తర్వాత మెటమోరా అయింది. ఆ రోజుల్లో బాగా ఆడిన ఒక నాటకంలో ఆదివాసీ నాయకుడి పేరు మెటమోరా, ఊరికి అదే పెట్టుకున్నారు.

ఆ కాలంలో పల్లెటూరి కోర్టులో ఏం జరిగేది?

కోర్టు అనగానే మనకు బోను, జడ్జి, వాదనలే కళ్లముందు కదులుతాయి. నిజానికి ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ నడిచేది కచేరీ పని. భూమి కొన్నా, అమ్మినా దస్తావేజు నమోదు అక్కడే. పెళ్లి లైసెన్సు అక్కడే. పన్ను కట్టేదీ అక్కడే. ఎవరైనా చనిపోతే వీలునామా తెరిచి ఆస్తి పంచేది కూడా అక్కడే. అంటే మన రిజిస్ట్రారాఫీసు, తహసీల్దారు కార్యాలయం, మునసబు కోర్టు మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయనుకోండి. కింది అంతస్తులో ఆఫీసు గదులు, పై అంతస్తులో కోర్టు హాలు. అప్పటి కౌంటీ కోర్టులు చాలావరకు ఇలాగే కట్టారు.

హాలు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని ఊరికి వదిలేసేవారు. పల్లెల్లో అంతమంది కూర్చునే చోటు మరొకటి ఉండేది కాదు కాబట్టి రాజకీయ ఉపన్యాసాలూ, ఊరి సమావేశాలూ అలాంటి హాళ్లలోనే జరిగేవి.

జడ్జి ఆ ఊళ్లోనే ఉండేవారా?

ఉండేవారు కాదు. ఇది బాగా అర్థమైతే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక్కో కౌంటీకి ఒక్కో జడ్జిని పెట్టేంత పనీ లేదు, డబ్బూ లేదు. అందుకని కొన్ని కౌంటీలను కలిపి ఒక సర్క్యూట్ చేసి, జడ్జినే ఊరూరా తిరగమన్నారు. ఏడాదికి రెండు విడతలు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. ఆయన వెంట ప్లీడర్లూ తిరిగేవారు. మెటమోరా ఉన్నది ఎనిమిదో సర్క్యూట్‌లో. అది బాగా పెద్దదిగా ఉన్న రోజుల్లో 14, 15 కౌంటీలు, రాష్ట్రంలో దాదాపు ఐదో వంతు. ఒక్క చుట్టు తిరిగి రావడానికి 400 మైళ్లకు పైనే, వారాల తరబడి పని.

దారులు దారులు కావు. వానొస్తే బండి చక్రం ఇరుసుదాకా దిగబడే నల్లరేగడి. వాగులకు వంతెనలు లేవు. రాత్రి ఏ పూటకూళ్ల ఇంట్లోనో ఒక మంచం మీద ఇద్దరిద్దరు ప్లీడర్లు సర్దుకునేవారు. 1848 నుంచి ఈ సర్క్యూట్ జడ్జిగా ఉన్న డేవిడ్ డేవిస్ భారీ మనిషి, 300 పౌన్ల బరువని చెబుతారు, ఆయనకు మాత్రం మంచం విడిగా. పగలు కోర్టులో ఒకరిమీద ఒకరు విరుచుకుపడ్డ ప్లీడర్లు రాత్రి ఒకే బల్ల దగ్గర భోంచేసి, ఒకే పొయ్యి చుట్టూ కబుర్లు చెప్పుకునేవారు. కక్షిదారులు తమ ప్లీడరును చాలాసార్లు ఆ పొద్దున్నే, కోర్టు ముందరి పచ్చికలోనే కుదుర్చుకునేవారు. కేసు చదువుకోవడానికి దొరికేది ఆ గంటా రెండు గంటలే.

కోర్టు కొలువుదీరిన ఆ నాలుగు రోజులూ ఊరికి తిరనాళ్లే. జమాబందీకి కలెక్టరు దిగినప్పుడు మన ఊళ్లలో ఎంత హడావిడి ఉండేదో పెద్దవాళ్లు చెబుతారు కదా, అలాంటి హడావిడి. కేసు ఉన్నవాళ్లూ వచ్చేవారు, లేనివాళ్లూ వచ్చేవారు.

లింకన్ నిజంగా ఇక్కడ వాదించారా?

వాదించారు. ఆయన 1836లో ప్లీడరు లైసెన్సు తీసుకున్నారు, 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరారు, అధ్యక్షుడయ్యేదాకా వృత్తి అదే. మధ్యలో 1847 నుంచి 1849 వరకు కాంగ్రెస్‌లో, అంటే అమెరికా చట్టసభలో ఉన్నారు. సర్క్యూట్ మొదటి నుంచి చివరిదాకా తిరిగే కొద్దిమంది ప్లీడర్లలో ఆయనొకరు, మెటమోరా ఆ దారిలో ఒక మజిలీ.

పాతికేళ్లలో ఆయన, ఆయన భాగస్వాములు కలిసి 5 వేలకు పైగా కేసులు చూశారు. వాటిలో సగానికి పైగా అప్పు వసూళ్ల వ్యాజ్యాలే. ప్రామిసరీ నోటు రాసి కట్టనివాడు, పందుల బేరంలో తేడా వచ్చినవాడు, హద్దు రాయి జరిపాడని పక్క పొలంవాడి మీద మండిపడేవాడు. లింకన్‌కు జనాన్ని చదవడం నేర్పింది ఈ చిన్న కేసులేనని నేను గట్టిగా నమ్ముతాను. తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చున్న పన్నెండుమంది రైతులకు అర్థమయ్యేలా మాట్లాడటం అలవాటైన మనిషి తర్వాత దేశానికి అర్థమయ్యేలా మాట్లాడాడు.

ఇక్కడి నుంచి పైకొచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. జడ్జి డేవిస్‌ను 1862లో లింకన్ అమెరికా సుప్రీంకోర్టుకు పంపారు. 1893 నుంచి 1897 వరకు ఉపాధ్యక్షుడిగా ఉన్న ఎడ్లై స్టీవెన్సన్ 1858లో మెటమోరాలోనే ప్లీడరుగా బోర్డు కట్టి, పదేళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.

కిటికీలోంచి పారిపోయిన ముసలావిడ కథ నిజమేనా?

అందరూ అడిగేది ఇదే. ఆవిడ పేరు మెలిస్సా గోయింగ్స్. 1857లో ఆవిడకు 70 ఏళ్లు, భర్త రాస్‌వెల్‌కు 77. అతను తాగుతాడనీ, పెళ్లాన్ని కొడతాడనీ ఊరందరికీ తెలుసు. ఆ ఏప్రిల్‌లో ఒకరోజు గొడవలో అతను ఆవిడ గొంతు పట్టుకుని నొక్కాడు. చేతికందిన పొయ్యి కట్టెతో ఆవిడ అతని తలమీద కొట్టింది. నాలుగు రోజులకు అతను పోయాడు. ఆవిడ మీద హత్యానేరం మోపారు. వెయ్యి డాలర్ల పూచీకత్తు మీద బయట ఉంది. లింకన్ ఆవిడ తరఫున నిలబడ్డారు.

అక్టోబర్‌లో కేసు విచారణకొచ్చింది. అప్పటికి సర్క్యూట్ల హద్దులు మారాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో శాసనసభ ఎనిమిదో సర్క్యూట్‌ను ఐదు కౌంటీలకు కుదించి వుడ్‌ఫర్డ్‌ను వేరే దానిలో కలిపింది. అందుకని బెంచి మీద డేవిస్ లేరు, జేమ్స్ హ్యారియట్ ఉన్నారు. ప్రభుత్వం తరఫున హ్యూ ఫుల్లర్టన్. వెంటనే విచారణ మొదలు పెడతామన్నారు. ముద్దాయితో ఒక్కసారి మాట్లాడాలని లింకన్ అడిగారు, సరేనన్నారు. ఇద్దరూ కోర్టు హాల్లోంచి బయటికెళ్లారు. తర్వాత ముద్దాయిని పిలిస్తే ఆవిడ లేదు.

ఇంతవరకు నమ్మదగిన సంగతులు. ఇక కింది గది కిటికీ తెరిచి ఉందన్నదీ, ఆవిడ అందులోంచే వెళ్లిందన్నదీ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకొస్తున్న మాట. నువ్వే తప్పించావని కోర్టు బంట్రోతు నిలదీస్తే, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని ఆవిడ అడిగింది, టెనెస్సీలో నీళ్లు బహు బాగుంటాయని చెప్పాను అని లింకన్ అన్నారట. ఇదీ ఆ చెప్పుకునే కథలో మాటే, కోర్టు కాగితాల్లో ఉన్నది కాదు.

నాకు ముఖ్యమనిపించేది ఆ మాట కాదు, ఆ తర్వాత జరిగింది. ఆవిణ్ణి వెతికి తేవడానికి ఎవరూ పెద్దగా కాళ్లరిగేలా తిరగలేదు. 1859లో ఫుల్లర్టనే, అంటే నేరం మోపిన వైపు ప్లీడరే అడిగి, ఆ కేసును జాబితాలోంచి కొట్టేయించారు. చిన్న కౌంటీ అది. జ్యూరీలో కూర్చోవాల్సినవాళ్లకూ, షెరీఫ్‌కూ, ప్లీడర్లకూ ఆ ఇంటి సంగతి తెలుసు. కొట్టే మొగుడి నుంచి ప్రాణం కాపాడుకున్న ముసలావిణ్ణి ఉరికంబం ఎక్కించడానికి అక్కడ ఎవరికీ చేతులు రాలేదు. ఆ దయ నేరుగా చట్టంలోంచి వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. అప్పటి చట్టంలో దానికి చోటు చాలా ఇరుకు.

జ్యూరీలో ఆడవాళ్లు ఉండేవారా?

లేరు. ఇల్లినాయ్‌లో ఆడవాళ్లను జ్యూరీలో కూర్చోనిచ్చింది 1939లో. మెలిస్సా ఆగి ఉంటే ఆవిడ మంచిచెడ్డలు తేల్చేది పన్నెండుమంది మగవాళ్లు. నల్లజాతివాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. తెల్లవాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే హక్కు కూడా లేకుండా చేసిన చట్టాలు ఈ రాష్ట్రంలో 1865 దాకా అమల్లో ఉన్నాయి. ఆ బెంచీల మీద కూర్చున్నప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

లింకన్ ఎప్పుడూ బలహీనుల పక్షమేనా?

కాదు. ఇది చెప్పకుండా దాటేస్తే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే.

1841లో వుడ్‌ఫర్డ్‌కు పక్కనే ఉన్న టేజ్‌వెల్ కౌంటీ కేసులో, నాన్స్ అనే నల్లజాతి యువతిని అమ్మిన బాకీ చెల్లదని లింకన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో వాదించి గెలిచారు. ఇల్లినాయ్‌లో ఏ మనిషినైనా రంగుతో పనిలేకుండా స్వతంత్రుడిగానే భావించాలని, మనిషిని అమ్మడం చెల్లదని ఆ తీర్పు తేల్చింది. ఆరేళ్లకే, 1847లో, కోల్స్ కౌంటీ కోర్టులో ఆయన రాబర్ట్ మాట్సన్ అనే బానిసల యజమాని తరఫున నిలబడ్డారు. జేన్ బ్రయంట్‌నూ ఆమె నలుగురు పిల్లల్నీ తిరిగి తనకు అప్పగించాలన్నది మాట్సన్ వాదన. ఆ కేసు లింకన్ ఓడిపోయారు, తల్లీపిల్లలకు విముక్తి దొరికింది. ఆయన ఓడిపోవడమే మంచిదైంది.

ఇంత పాత కోర్టు ఇన్నాళ్లు ఎలా నిలిచింది?

ఓడిపోయింది కాబట్టి నిలిచింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

కౌంటీ కేంద్రం అంటే ఊరికి బతుకుదెరువు. కోర్టు ఉంటే ప్లీడర్లుంటారు, పూటకూళ్లిళ్లుంటాయి, అంగళ్లు నడుస్తాయి, స్థలాల ధరలు పెరుగుతాయి. అది పక్క ఊరికి పోతే సగం ఊరు దాని వెంటే పోతుంది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మాకే జిల్లా కేంద్రం కావాలని ఎన్ని ఊళ్లలో దీక్షలు, బంద్‌లు జరిగాయో చూశాం. వుడ్‌ఫర్డ్ కౌంటీలోనూ ఏళ్ల తరబడి అదే పోరు. చివరికి 1896లో కేంద్రం యురేకాకు వెళ్లిపోయింది. తర్వాతి కాలంలో రోనల్డ్ రీగన్ చదివిన కాలేజీ ఉన్న ఊరు అదే.

మెటమోరాకు అది పెద్ద దెబ్బ. కానీ కేంద్రం నిలుపుకున్న ఊళ్లలో పాత కోర్టులు ఏమయ్యాయో చూడండి. జనం పెరిగారు, దస్తావేజులు గుట్టలు పడ్డాయి, గదులు చాలలేదు. పాతది పడగొట్టి పెద్దది కట్టారు. బ్లూమింగ్టన్‌లో లింకన్ వాదించిన కోర్టు పోయింది. దాని తర్వాత కట్టినది 1900 నాటి పెద్ద అగ్నిప్రమాదంలో దెబ్బతింది. ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది ఆ తర్వాతది. ఎనిమిదో సర్క్యూట్‌లో లింకన్ నాటి కోర్టులు కట్టిన చోటే ఇప్పటికీ నిలిచి ఉన్నవి రెండే, మెటమోరా, మౌంట్ పులాస్కీ. రెండూ కేంద్రం పోగొట్టుకున్న ఊళ్లే. ఈ సర్క్యూట్ బయట బియర్డ్స్‌టౌన్ కోర్టుదీ ఇదే కథ. 1858లో పంచాంగం తెరిచి ఆ రాత్రి చంద్రుడు ఎక్కడున్నాడో చూపించి డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను హత్యానేరం నుంచి లింకన్ విడిపించింది అక్కడే. బెంచి మీద అదే హ్యారియట్, ఎదుట అదే ఫుల్లర్టన్. ఆ ఊరూ తర్వాత కౌంటీ కేంద్రం పోగొట్టుకుంది, కోర్టు మాత్రం మిగిలింది.

మెటమోరా భవనాన్ని 1921లో రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంది. 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది.

మౌంట్ పులాస్కీ కథ ఏమిటి?

అది లోగన్ కౌంటీలోది. ఆ కౌంటీ 1839లో పుట్టింది, అప్పుడు లింకన్ శాసనసభ్యుడు. కేంద్రం మొదట పోస్ట్‌విల్‌లో, 1848లో మౌంట్ పులాస్కీకి, 1855లో లింకన్ అనే ఊరికి. రైలు మార్గం పక్కన 1853లో కొత్తగా వేసిన ఊరది. ఆయన ఇంకా ప్లీడరుగా ఉన్నప్పుడే, అధ్యక్షుడవుతారని ఎవరూ అనుకోనప్పుడే ఆయన పేరు పెట్టారు. రైలు ఎటు పోతే కోర్టూ అటే పోయిన రోజులవి.

మౌంట్ పులాస్కీ కోర్టు ఆ తర్వాత బడి అయింది, ఊరి కార్యాలయం అయింది, పోస్టాఫీసు అయింది. 1930లలో రాష్ట్రం దాన్ని తిరిగి పాత రూపానికి తెచ్చింది. తనంతట తానే ఊగే ఉయ్యాల పేటెంటు మీద వచ్చిన తగాదా ఇక్కడిదే. బరువు, కప్పీలతో నడిచే ఆ ఉయ్యాల నమూనాను లింకన్ కోర్టులో చూపిస్తుంటే, దీన్ని ఆపేదెలా అని జడ్జి అడిగారట. వాగుడు మొదలెట్టిన కొందరిలాగే దీనికీ ఎప్పుడు ఆగాలో తెలియదండీ అన్నారట లింకన్. ఇదీ చెప్పుకునే కథే.

మరి పోస్ట్‌విల్ కోర్టు మిషిగన్‌లో ఎందుకుంది?

కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1929లో దాన్ని కొని, విప్పి, డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో తను కడుతున్న ఆరుబయలు మ్యూజియం గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు తీసుకుపోయారు. 1840 నాటి చెక్క కట్టడం కాబట్టి విప్పడం సాధ్యపడింది. ఫోర్డ్ థియేటర్‌లో లింకన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన కూర్చున్న కుర్చీని కూడా కొని చాలా ఏళ్లు ఈ కోర్టులోనే ఉంచారు. ఆ థియేటర్‌కూ హెన్రీ ఫోర్డ్‌కూ సంబంధం లేదు, పేరు మాత్రమే కలిసింది.

పోస్ట్‌విల్‌లో ఇప్పుడు కనిపించేది 1953లో రాష్ట్రం కట్టించిన నమూనా. డెట్రాయిట్ వైపు ఉండే తెలుగువాళ్లు గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు పిల్లల్ని తరచుగా తీసుకెళ్తారు. ఈసారి వెళ్తే ఆ చిన్న చెక్క భవనం ముందు కాసేపు ఆగండి. అది కాపాడబడినందుకు నాకు సంతోషమే, కానీ కోర్టుకు దాని ఊరే సగం ప్రాణం. మెటమోరాలో కిటికీ దగ్గర నిలబడితే మెలిస్సా ఎటు నడిచి ఉంటుందో ఊహించగలం. డియర్‌బోర్న్‌లో ఆ కిటికీలోంచి కనిపించేది వేరే రాష్ట్రం.

లోపల ఇప్పుడు ఏం చూడొచ్చు?

కింద ఊరి చరిత్ర చెప్పే మ్యూజియం, పైన పాతకాలపు రూపానికి తెచ్చిన కోర్టు హాలు. వెళ్లేముందు ఏయే రోజుల్లో తెరుస్తున్నారో కనుక్కోండి, చిన్న స్థలం కాబట్టి వేళలు మారుతుంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైకి ఎక్కాల్సిన మెట్లను మనసులో పెట్టుకోవాలి.

ఒక్కరోజులో ఇవన్నీ చుట్టి రావచ్చా?

పోస్ట్‌విల్ నమూనా కూడా కలుపుకుని రావచ్చు. పొద్దున మెటమోరా, అక్కడి నుంచి బ్లూమింగ్టన్ వచ్చి జడ్జి డేవిస్ కట్టుకున్న ఇల్లు, మధ్యాహ్నం ఐ-55 హైవే మీద లింకన్ ఊరు (పోస్ట్‌విల్ నమూనా ఉన్నది అక్కడే), సాయంత్రానికి అక్కడికి దగ్గర్లోనే ఉన్న మౌంట్ పులాస్కీ. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలు. వారాలు పట్టిన ఆ మజిలీల్లో కొన్ని ఇప్పుడు మనకు రెండు మూడు గంటల ప్రయాణం. వానాకాలంలో వెళ్తే మాత్రం ఒకచోట కారు ఆపి, దిగి, చేను గట్టు మీద ఆ నల్లమట్టిలో నాలుగడుగులు వేసి చూడండి.